కొండ వేటకు తేలికపాటి రైఫిల్: తూటా ఎంపిక నుంచి ఆఖరి స్క్రూ దాకా

అమెరికాలోని కొలరాడోలో ఎల్క్ (పెద్ద జింక జాతి) వేటంటే 9,000 నుంచి 11,000 అడుగుల ఎత్తులో పొద్దున చీకటితో మొదలుపెట్టి పొద్దుగూకేదాకా నడవడం. అక్టోబర్, నవంబర్ రైఫిల్ సీజన్లలో మంచు పడిందంటే ఆ నడక రెట్టింపు కష్టం. రైఫిల్‌ని రోజంతా మోస్తాం, కాల్చేది మాత్రం కొన్ని సెకన్లు. అందుకే ఒక సీజన్ తిరిగొచ్చిన ప్రతివాళ్లూ తేలిక రైఫిల్ కట్టుకోవాలంటారు, అంటే భాగాలు విడివిడిగా కొని కూర్చుకోవాలని. అయితే రైఫిల్ తేలికయ్యేకొద్దీ భుజాన్ని గట్టిగా తంతుంది, చేతిలో కుదురుగా నిలవదు. ఎక్కడిదాకా తగ్గించాలి, ఎక్కడ ఆగాలి అన్నది ముందు తేల్చుకుంటే, ఏ భాగం కొనాలన్నది దాదాపు దానంతటదే తేలిపోతుంది.

ఇది కొలరాడోలో ఎల్క్, మ్యూల్ డియర్ వేటను దృష్టిలో పెట్టుకుని రాసింది. టెక్సస్‌లో చెట్టు మీద మంచె వేసుకుని వైట్‌టెయిల్ జింక కోసం కూర్చునేవారికి ఇంత శ్రమ అక్కర్లేదు. మంచె మీద నాలుగున్నర కిలోల రైఫిల్ ఉంటేనే సుఖం.

ముందు చట్టం సంగతి

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద వేట నేరం. కాబట్టి ఇదంతా అమెరికాలో ఉంటున్న మనవాళ్ల కోసమే. అక్కడ పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ తుపాకీ కొనడంలో ఫెడరల్ చట్టం పెద్దగా తేడా చూపదు. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. తుపాకీ కానీ తూటా కానీ వాళ్ల దగ్గర ఉండటమే నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కానీ ఆ మినహాయింపును నమ్ముకుని అడుగేసే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. ఇక్కడ తప్పటడుగు పడితే వీసాకే ఎసరు.

ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ అంటే రిసీవర్, అంటే బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) కూర్చునే యాక్షన్. అది లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర ఫారం 4473 నింపి, నేపథ్య తనిఖీ పూర్తయ్యాకే చేతికొస్తుంది. బ్యారెల్ (గొట్టం), స్టాక్ (భుజానికి ఆనించే పిడి), స్కోప్ (గురి చూసే దుర్భిణి) మామూలు సరుకే, ఇంటికి తెప్పించుకోవచ్చు. ఫెడరల్ చట్టం పైన రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి, అవీ చూసుకోవాలి.

కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. అంటే ఇది చదివేవాళ్లలో దాదాపు అందరికీ. తూటా విషయంలోనూ రాష్ట్రం గీత గీసింది. క్యాలిబర్, అంటే బుల్లెట్ వ్యాసం, .24 అంగుళాలకు తగ్గకూడదు. జింకకు కనీసం 70 గ్రెయిన్లు (బుల్లెట్ బరువు కొలత), ఎల్క్‌కి కనీసం 85 గ్రెయిన్ల బుల్లెట్ కావాలి, అదీ తగలగానే విచ్చుకునే రకమై ఉండాలి. 100 గజాల దగ్గర కనీసం 1,000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలి. బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గకూడదు.

మొదటి అడుగు: బరువు లెక్క కాగితం మీద పెట్టండి

దుకాణంలో ‘ఆరు పౌండ్ల రైఫిల్’ అంటారు. అది స్కోప్, పట్టీ, తూటాలు లేని ఉత్త రైఫిల్ బరువు. కాటలాగ్‌లో అచ్చేసేదీ అదే. కొండెక్కేటప్పుడు మీ భుజానికి తెలిసేది మాత్రం అన్నీ కలిపిన బరువు. కాబట్టి లెక్కంతా ఆ మొత్తం మీదే వేయండి. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు చాలు, ప్రతి భాగాన్నీ విడివిడిగా తూచి గ్రాముల్లో రాసుకోండి.

స్టీల్ యాక్షన్, సన్నపాటి స్టీల్ బ్యారెల్, కార్బన్ స్టాక్ పెట్టి కడితే లెక్క రమారమి ఇలా వస్తుంది:

- పొట్టి యాక్షన్, బోల్ట్‌తో కలిపి: 960 గ్రాములు
- 22 అంగుళాల సన్న బ్యారెల్: 1,080
- ట్రిగ్గర్: 85
- కార్బన్ ఫైబర్ స్టాక్: 680
- అడుగున అల్యూమినియం భాగాలు: 110
- స్కోప్: 370
- రింగులు: 90
- పట్టీ: 90
- నాలుగు తూటాలు: 90

మొత్తం 3,555 గ్రాములు, అంటే దగ్గర దగ్గర ఏడు ముప్పావు పౌండ్లు. మామూలుగా దుకాణంలో దొరికే 3.4 కిలోల రైఫిల్ మీద పెద్ద స్కోప్, బరువైన రింగులు, వెడల్పాటి పట్టీ తగిలిస్తే నాలుగున్నర కిలోలు దాటుతుంది. అంటే ఒక కిలో మిగిలింది. ఆ కిలోలో దాదాపు సగం ఒక్క స్కోప్ మార్చడంతోనే మిగిలిందని గమనించండి. ఈ సంగతి చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు, అప్పటికే టైటానియం యాక్షన్‌కి డబ్బు కట్టేసి ఉంటారు.

నా మాటగా చెప్పేది ఒక్కటే. అన్నీ కలిపి 3.2 నుంచి 3.6 కిలోల మధ్య ఆగండి. మూడు కిలోల కిందికి దిగితే, ఎగశ్వాసతో ఉన్న మనిషి చేతిలో రైఫిల్ మూతి ఒక చోట నిలవదు. ఎత్తు ప్రదేశంలో జంతువు కనిపించేసరికి మనం ఎప్పుడూ ఎగశ్వాసతోనే ఉంటాం.

రెండో అడుగు: తూటా

తేలిక రైఫిల్‌కి తూటా ఎంచేటప్పుడు అందరూ ముందు చూసేది వేగం. చూడాల్సింది తన్ను. బుల్లెట్ ఎంత బరువు, ఎంత వేగం, ఎంత మందుగుండు అన్నవి తన్నును తేలుస్తాయి. తూటా మార్చకుండా రైఫిల్ బరువు సగానికి తగ్గిస్తే తన్ను శక్తి రెట్టింపవుతుంది. 3.5 కిలోల రైఫిల్‌లో మామూలు ఫ్యాక్టరీ తూటాలు పేలిస్తే తన్ను శక్తి, అడుగు-పౌండ్లలో, సుమారుగా ఇంత:

- .243 విన్‌చెస్టర్, 100 గ్రెయిన్లు: 8 లేదా 9
- 6.5 క్రీడ్‌మోర్, 140 గ్రెయిన్లు: 12
- 7 ఎంఎం-08 రెమింగ్టన్, 140 గ్రెయిన్లు: 13
- .308 విన్‌చెస్టర్, 165 గ్రెయిన్లు: 16
- .270 విన్‌చెస్టర్, 130 గ్రెయిన్లు: 16
- 6.5 పీఆర్‌సీ, 143 గ్రెయిన్లు: 17 లేదా 18
- .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, 180 గ్రెయిన్లు: 20 లేదా 21
- 7 ఎంఎం పీఆర్‌సీ, 175 గ్రెయిన్లు: 26
- .300 విన్‌చెస్టర్ మాగ్నమ్, 180 గ్రెయిన్లు: 28

ఇదే .300 మాగ్నమ్ నాలుగున్నర కిలోల రైఫిల్‌లో 22 దగ్గరే ఉంటుంది, మూడు కిలోల రైఫిల్‌లో 32కి ఎక్కుతుంది. ఇరవై దాటిందంటే చాలామందికి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుపోవడం, భుజం ముందుకు తోసుకురావడం మొదలవుతుంది. కాల్చేవాడికి అది తెలియదు, పక్కన నిలబడ్డవాడికి తెలుస్తుంది. రేంజిలో మీకు తెలియకుండా మధ్యమధ్య ఖాళీ డమ్మీ తూటా పెట్టమని స్నేహితుడికి చెప్పండి. తూటా పేలనప్పుడు మూతి కిందికి ఊగిందంటే మీకా అలవాటు పట్టుకుందన్నమాట.

పట్టికలో పైన ఉన్నవాటిలో .308 (1952లో వచ్చింది), .243 (1955), 7 ఎంఎం-08 (1980) ఒకే కుటుంబం. .308 ఖోల్ (మందుగుండు పట్టే ఇత్తడి గొట్టం) మెడని సన్నం చేస్తే మిగతా రెండూ వచ్చాయి. 6.5 క్రీడ్‌మోర్ (2007) వేరే ఇంటిదైనా ఖోల్ అడుగుభాగం వెడల్పు అదే, .473 అంగుళాలు. దీని లాభం కట్టేవాడికి తెలుస్తుంది. ఈ నాలుగింటికీ ఒకే బోల్ట్, ఒకే పొట్టి యాక్షన్ సరిపోతాయి. రేపు మనసు మారితే బ్యారెల్ ఒక్కటి మార్చుకుంటే చాలు. 6.5 పీఆర్‌సీ (2018)కి ఖోల్ అడుగుభాగం లావు, పొడవు కూడా ఎక్కువ. తూటాలు పెట్టే 2.8 అంగుళాల మామూలు పొట్టి మేగజీన్‌లో పట్టదు. .270, .30-06లకు పొడుగు యాక్షన్ కావాలి, దానితో కొన్ని ఔన్సులు, అర అంగుళం పొడవు పెరుగుతాయి. అదేమంత పెద్ద నష్టం కాదు. మీ నాన్నగారి వయసు స్నేహితుడెవరైనా .270 (1925) వాడుతూ ఎల్క్ తెస్తున్నారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఎంత దూరంలో కాలుస్తారో నిజాయితీగా చెప్పుకోండి. 6.5 క్రీడ్‌మోర్‌లో 143 గ్రెయిన్ల ఫ్యాక్టరీ తూటా 24 అంగుళాల బ్యారెల్ నుంచి సెకనుకు 2,700 అడుగుల వేగంతో వెళ్తుంది. 400 గజాల దగ్గర ఇంకా 2,000 అడుగులకు పైనే ఉంటుంది. వేట బుల్లెట్లు చాలావాటికి విచ్చుకోవడానికి 1,800 అడుగులు కావాలి, పూర్తి రాగివాటికి 2,000 దగ్గర ఉంటే మంచిది. కాబట్టి 400 గజాల లోపు ఆగేవాడికి మాగ్నమ్ లాంటి బలమైన తూటాతో పని లేదు. ఆపైన కాల్చాలనుకునేవాడు రైఫిల్ బరువు తగ్గించుకునే ఆలోచనే మానుకోవడం మేలు.

నన్నడిగితే, జింకలే ఎక్కువ, ఎప్పుడో ఒకసారి ఎల్క్ అనుకుంటే 6.5 క్రీడ్‌మోర్. ఎల్క్ కోసమే అయితే 7 ఎంఎం-08 లేదా .308. ఇంట్లో ఆడవాళ్లూ టీనేజి పిల్లలూ కూడా అదే రైఫిల్ పట్టుకుంటారంటే కళ్లు మూసుకుని 7 ఎంఎం-08. దానికున్న ఒకే లోపం సరుకు. చిన్న ఊళ్లో హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్తే .308, .30-06, ఈ మధ్య 6.5 క్రీడ్‌మోర్ కనిపిస్తాయి. మిగతావాటికి వెతుక్కోవాలి. 2020, 2021లో తూటాల కొరత వచ్చినప్పుడు అరుదైన క్యాలిబర్లు పట్టుకున్నవాళ్లు పడ్డ అవస్థ అందరూ చూశారు.

మూడో అడుగు: బుల్లెట్, మెలిక

బ్యారెల్ లోపలి గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్నది మెలిక. బుల్లెట్ పొడవు పెరిగేకొద్దీ మెలిక బిగువుగా ఉండాలి. రాగి సీసం కంటే తేలిక, అందుకే అదే బరువున్న రాగి బుల్లెట్ పొడుగ్గా ఉంటుంది. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసం తూటాలు పూర్తిగా నిషేధం. బే ఏరియాలో ఉంటూ కొలరాడో వెళ్లేవాళ్లు రెండు చోట్లా ఒకే తూటా వాడాలంటే రాగిదే ఎంచుకోవాలి. మాంసంలో సీసం తునకల బెడద కూడా తప్పుతుంది.

6.5 క్రీడ్‌మోర్‌కి 8 అంగుళాలకు ఒక చుట్టు ప్రమాణం, ఏ బుల్లెట్‌కైనా సరిపోతుంది. .308కి 10, కొలరాడో వేటకి అది చాలు. .243లో మాత్రం పాత బ్యారెళ్లు 10 అంగుళాల మెలికతో వస్తాయి. వాటిలో పొడుగు బుల్లెట్ నిలకడగా వెళ్లదు. కొత్త బ్యారెల్ వేయించేటప్పుడు 8 అడగండి. 7 ఎంఎం-08కి ఫ్యాక్టరీలో మామూలుగా ఉండేది 9.5. కొత్తది వేయిస్తే 8.5 లేదా 9 మంచిది.

ఎల్క్‌కి మెత్తటి బుల్లెట్ వాడకండి. భుజం ఎముక మీద పడి చితికిపోతే గాయం పైపైనే ఉండిపోతుంది, జంతువు తప్పించుకుపోయి ఎక్కడో చస్తుంది. రాగి గాని, పొరను సీసానికి అతికించిన బాండెడ్ రకం గాని, లోపల అడ్డగోడ ఉన్న నోస్లర్ పార్టిషన్ గాని తీసుకోండి. పార్టిషన్ 1948 నుంచి అమ్ముడవుతోంది, ఇవాళ్టికీ దాన్ని తప్పుపట్టేవాడు లేడు.

నాలుగో అడుగు: యాక్షన్. అసలు కట్టాలా?

ఇక్కడ ఒక చేదు నిజం. టిక్కా టీ3ఎక్స్ లైట్ లాంటి ఫిన్లాండ్ రైఫిల్ మూడు కిలోల లోపే దొరుకుతుంది. దాని మీద తేలిక స్కోప్, రింగులు, పట్టీ, తూటాలు పెడితే పైన వేసిన లెక్క దగ్గరికే వస్తుంది. కార్బన్ స్టాక్ పెట్టి చేయించిన రైఫిల్‌కి అయ్యే డబ్బులో మూడో వంతుకే ఇది అయిపోతుంది. కింబర్ 84ఎం మోంటానా ఫ్యాక్టరీ నుంచే 5 పౌండ్ల 2 ఔన్సులతో వచ్చేది. అయినా కట్టుకోవడం దేనికంటే, స్టాక్ మీ ఒంటి కొలతకి, బ్యారెల్ మీరు కోరిన పొడవుకి, మెలిక మీ బుల్లెట్‌కి కుదురుతాయి. అవి అక్కర్లేదంటే ఫ్యాక్టరీ రైఫిల్ కొనుక్కుని, మిగిలిన డబ్బు తూటాలకీ పెట్రోలుకీ పెట్టండి.

కట్టాలనే ఉంటే రెమింగ్టన్ 700 (1962) కొలతల్లో ఉన్న యాక్షన్ తీసుకోండి. అసలు రెమింగ్టనే కావాలని లేదు, అదే కొలతల్లో చేసే కంపెనీలు చాలా ఉన్నాయి. స్టాక్‌లు, ట్రిగ్గర్లు, స్కోప్ బేసులు అత్యధికంగా ఆ కొలతలకే తయారవుతాయి. హోవా 1500, టిక్కాలకూ ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. వాటిని దాటి వెళ్లారంటే ప్రతి స్క్రూ కోసమూ వెతుకులాటే.

టైటానియం యాక్షన్ సాంద్రతలో స్టీల్‌కి సగం కంటే కాస్త ఎక్కువ. దానితో పావు కిలో, మహా అయితే ఇంకో యాభై గ్రాములు తగ్గుతుంది, ఖర్చు వెయ్యి డాలర్లు దాటుతుంది. స్కోప్ తేలికది పెట్టి, స్టాక్ మార్చి, పట్టీ సన్నది చేసి, అయినా ఇంకా తగ్గాలనుకున్నప్పుడే దాని జోలికి వెళ్లండి.

ఐదో అడుగు: బ్యారెల్

బరువు తగ్గించే తొందరలో అందరూ మొదట బ్యారెల్ మీద పడతారు. మూతి దగ్గర 0.6 అంగుళాల మందమున్న స్టీల్ గొట్టంలో ఒక అంగుళం కోస్తే పోయేది సుమారు 28 గ్రాములు. 24 నుంచి 22కి కోయిస్తే 60 గ్రాముల లోపే మిగిలేది. వేగం అంగుళానికి 20 నుంచి 30 అడుగుల చొప్పున తగ్గుతుంది. 22కి రావడం సబబే, పొదల్లోంచి నడిచేటప్పుడు పొట్టిగా ఉండటం కూడా కలిసొస్తుంది. 22 నుంచి 18కి దిగడానికి మాత్రం ఒక్కటే కారణం ఉండాలి, మూతికి సైలెన్సర్ బిగించుకోవడం.

సైలెన్సర్ మీద ఉన్న 200 డాలర్ల ఫెడరల్ పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. రిజిస్ట్రేషన్ మాత్రం ఇంకా చేయించాల్సిందే, కాలిఫోర్నియా లాంటి చోట్ల పూర్తిగా నిషేధం. అది తన్నునూ తగ్గిస్తుంది, చెవులనూ కాపాడుతుంది. కానీ పావు కిలో దాకా బరువు, అదీ మూతి చివర. మజిల్ బ్రేక్ (మూతికి బిగించే చిల్లుల ముక్క) బరువుండదు, తన్ను బాగా తగ్గిస్తుంది. కానీ దాని చప్పుడుకి పక్కనున్నవాడి చెవులు గింగురుమంటాయి, వేటలో ఎవరూ ఇయర్‌మఫ్స్ పెట్టుకుని నడవరు. తన్ను పట్టికలో పైభాగం తూటా ఎంచుకున్నవాడికి రెండూ అక్కర్లేదు.

కార్బన్ చుట్టిన బ్యారెళ్ల గురించి ఒక అపోహ ఉంది. మోంటానాలోని ప్రూఫ్ రిసెర్చ్ లాంటి కంపెనీలు చేసేవి లావుపాటి స్టీల్ బ్యారెల్‌తో పోలిస్తే తేలిక. సన్నపాటి స్టీల్ బ్యారెల్‌తో పోలిస్తే చాలాసార్లు బరువెక్కువ. అవి గట్టిదనం కోసం, లావు మూతికి సైలెన్సర్ బిగించడం కోసం కొనుక్కోవాలే తప్ప, కార్బన్ అనే పేరు చూసి బరువు తగ్గుతుందని కాదు.

బ్యారెల్ బిగించడం, హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ తూటాకీ మధ్య ఎడం) చూడటం గన్‌స్మిత్ పని. గో గేజ్ అనే కొలత ముక్క మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో గేజ్ మీద మూసుకోకూడదు. సావేజ్ తరహా నట్‌తో వచ్చే బ్యారెళ్లు ఇంట్లోనే బిగించుకోవచ్చంటారు. నిజమే, కానీ మొదటి రైఫిల్‌కి ఆ ధైర్యం వద్దు. ఈ కొలత తప్పితే ఖోల్ మీ ముఖానికి అంగుళాల దూరంలో పగులుతుంది.

ఆరో అడుగు: స్టాక్

బరువు తగ్గించడంలో స్కోప్ తర్వాత డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చేది ఇదే. ఫ్యాక్టరీ ప్లాస్టిక్ స్టాక్ కిలో దాకా ఉంటుంది, మంచి కార్బన్ స్టాక్ 600 నుంచి 700 గ్రాములు. మూడు వందల గ్రాములు పోవడమే కాదు, ప్లాస్టిక్‌లా వంగదు. ప్లాస్టిక్ స్టాక్ ముందు భాగాన్ని చేత్తో పిసికి చూడండి, బ్యారెల్‌కి తగిలేదాకా వంగితే గురి ఎందుకు మారుతుందో అర్థమవుతుంది.

మనవాళ్లు తప్పకుండా చూడాల్సింది స్టాక్ పొడవు. ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే చివరిదాకా ఫ్యాక్టరీ కొలత సాధారణంగా 13.5 నుంచి 13.75 అంగుళాలు. ఐదడుగుల ఆరంగుళాల మనిషికి, అదీ మందపాటి చలికోటు మీద, అది పొడుగు. 13 గాని, ఇంకా తక్కువ గాని చేయించుకోండి. మోచేయి మడిచి, స్టాక్ చివర మోచేతి మడత దగ్గర పెడితే వేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కి అందాలి. చివర అంగుళం మందం మెత్తటి రబ్బరు ప్యాడ్ వేయించండి, అక్కడ గ్రాములు లెక్కపెట్టొద్దు.

వెస్ట్ వర్జీనియాకి చెందిన మెల్విన్ ఫోర్బ్స్ 1980ల నడుమ అల్ట్రా లైట్ ఆర్మ్స్ పెట్టి, పౌండు బరువు కెవ్లార్, గ్రాఫైట్ స్టాక్‌లతో రైఫిళ్లు చేసి చూపించాడు. అందరూ బ్యారెల్‌ని స్టాక్‌కి తగలకుండా వదిలేస్తే, ఆయన మూతి వైపు చివరిదాకా స్టాక్‌లో ఆనించి కూర్చోబెట్టాడు. స్టాక్ అంత గట్టిదైతే ఆ పద్ధతీ పనిచేస్తుంది. మనం మాత్రం అందరి దారే పడదాం, బ్యారెల్ కింద డాలర్ నోటు అటూ ఇటూ సాఫీగా జారాలి.

ఏడో అడుగు: స్కోప్

పొడవాటి టరెట్లు (గురి సరిచేసే తిప్పుడు గుండీలు), లావు గొట్టం ఉన్న దూరపు స్కోప్ 800 గ్రాములు దాటుతుంది. 400 గజాల లోపు వేటకు పది రెట్లు పెద్దదిగా చూపించే స్కోప్ దండి. లూపోల్డ్ వీఎక్స్-3హెచ్‌డీ 3.5-10×40, స్వరోవ్‌స్కీ జెడ్3 3-10×42 రెండూ 350, 370 గ్రాముల ప్రాంతంలో ఉంటాయి. బేసు, రింగు ఒకే ముక్కగా వచ్చే అల్యూమినియం టాలీ రకం పెడితే ఇంకో నాలుగైదు స్క్రూల బరువు, బాధ రెండూ పోతాయి.

తేలిక రైఫిల్ వెనక్కి వేగంగా వస్తుంది కాబట్టి కంటికి, స్కోప్‌కి మధ్య కనీసం మూడున్నర అంగుళాల ఎడం ఉండాలి. వాలులో పైకి కాల్చేటప్పుడు ఆ ఎడం ఇంకా తగ్గుతుంది. బల్ల దగ్గర కూర్చుని కాదు, చలికోటు వేసుకుని పడుకున్న భంగిమలో స్కోప్ ముందుకూ వెనక్కీ జరిపి చూసి అప్పుడు బిగించండి.

ట్రిగ్గర్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. టిమ్నీ గాని ట్రిగర్‌టెక్ గాని, నొక్కడానికి రెండున్నర నుంచి మూడు పౌండ్ల బలం పట్టేలా పెట్టుకోండి. చలికి మొద్దుబారిన వేలికి, గ్లౌజుకి అంతకంటే తేలిక ప్రమాదం.

బిగించడం

ఇంచ్-పౌండ్లలో కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్ కొనుక్కోండి. యాక్షన్ స్క్రూలకి స్టాక్ తయారీదారు, రింగులకి రింగుల తయారీదారు చెప్పిన అంకె వాడండి. ఎక్కువ బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది, తక్కువైతే వదులవుతుంది. బిగించాక ప్రతి స్క్రూ తల మీదుగా నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత గీయండి. గీత పక్కకి జరిగిందంటే స్క్రూ కదిలిందని చూపుకే తెలుస్తుంది.

బోల్ట్‌లో గ్రీజు పూర్తిగా తుడిచేసి పొడి లూబ్రికెంట్ కొద్దిగా రాయండి. మంచులో చిక్కటి గ్రీజు గడ్డకడితే ఫైరింగ్ పిన్ మెత్తగా తగిలి, ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలదు.

రేంజిలో

సన్న బ్యారెల్ త్వరగా వేడెక్కుతుంది, వేడెక్కితే గుండ్లు పక్కకి జరుగుతాయి. అందుకే వరుసగా పది కాల్చి గుంపు చూసుకోవడం ఇక్కడ కుదరదు. మూడు కాల్చి, చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా ఆగండి. అసలు పరీక్ష చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి గుండు. వేర్వేరు రోజుల్లో ఆ మొదటి గుండ్లన్నీ ఒకే కాగితం మీద కాల్చి దాచుకోండి. ఆ కాగితం మీది గుంపే మీ రైఫిల్ నిజస్వరూపం.

200 గజాల దగ్గర గురి సరిచేస్తే, 6.5 క్రీడ్‌మోర్‌లో 143 గ్రెయిన్ల బుల్లెట్ 300 దగ్గర దాదాపు 8 అంగుళాలు, 400 దగ్గర 22 అంగుళాలు దిగుతుంది. పెట్టె మీద అచ్చేసిన ఈ అంకెలు సముద్రమట్టానికి దగ్గర లెక్క. ఎత్తులో గాలి పలచన కాబట్టి కాస్త తక్కువ దిగుతుంది. డాలస్‌లో సరిచేసిన రైఫిల్‌ని కొలరాడోలో దిగగానే మళ్లీ ఒకసారి కాల్చి చూడండి. గురి సరిపోయాక బల్ల వదిలేసి కూర్చుని, మోకాలి మీద, వీపుసంచి మీద ఆనించి సాధన చేయండి. తేలిక రైఫిల్‌ని ముందు చేత్తో వదులుగా వదిలేయకుండా గట్టిగా పట్టుకోవాలి, భుజంలోకి లాక్కోవాలి. బరువు రైఫిల్ అలవాటున్నవాళ్లకి ఇది కొత్తగానే ఉంటుంది.

ప్రయాణం

విమానంలో అయితే తూటాలు తీసేసిన రైఫిల్‌ని తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, చెక్-ఇన్ కౌంటర్‌లో ముందే చెప్పి ఇవ్వాలి. తూటాలు వాటి అసలు పెట్టెలో గానీ, తూటాల కోసమే చేసిన పెట్టెలో గానీ ఉండాలి, చాలా ఎయిర్‌లైన్లు 11 పౌండ్ల దాకా ఒప్పుకుంటాయి. రైఫిల్ వచ్చి తూటాల సంచి రాకపోవడం మామూలే, చిన్న ఊళ్లో దొరికే క్యాలిబర్ ఎంచుకోమన్నది ఇందుకే.

వేటకి వాడిన వీపుసంచి, కోటు, ప్యాంటు ఇండియా ప్రయాణానికి వాడకండి. వాడక తప్పదంటే ప్రతి జేబూ, ప్రతి జిప్పూ, అస్తరు మడతలూ తిరగేసి చూడండి. మన దేశంలో లైసెన్సు లేకుండా ఒక్క పేలని తూటా దగ్గరున్నా ఆయుధాల చట్టం, 1959 కింద కేసు. శంషాబాద్ విమానాశ్రయం ఎక్స్‌రేలో అది కనిపించాక ‘మర్చిపోయాను’ అంటే పోలీసులు వెంటనే వదిలిపెట్టరు.